సైకియాట్రీ వార్డులో మందులు ఇచ్చాక సిస్టర్ ఏం గమనించాలి?

జనరల్ మెడిసిన్ నుంచి సైకియాట్రీ వార్డుకి కొత్తగా డ్యూటీ వేశారని, వచ్చిన కొద్ది రోజుల్లోనే కొన్ని విషయాలు మిమ్మల్ని బాగా టెన్షన్ పెట్టాయని రాశారు. హాలోపెరిడాల్ (ఉద్రేకాన్ని, భ్రమల్ని తగ్గించే మందు) ఇంజెక్షన్ చేసిన మర్నాడు ఒక కుర్రాడి మెడ పక్కకి తిరిగిపోయి, కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. ఫిట్స్ అనుకున్నారు. ఇంకొకాయన మాత్రలు మింగినట్టే మింగి దిండు గలీబులో దాచాడు. వాళ్ళమ్మేమో ‘అన్నంలో కలిపేయమ్మా’ అని బతిమాలుతోంది. లిథియం, క్లోజపిన్ వాడే వాళ్ళలో నర్సుగా ఏం చూడాలి, డిశ్చార్జి రోజున ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలి అని కూడా అడిగారు. నా సర్వీసులో ఎక్కువ భాగం ఈ వార్డుల్లోనే గడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీరు అడిగినవి వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తున్నా, అన్నిటికన్నా ముందు అలవాటు చేసుకోవాల్సింది ఒకటుంది. ఈ వార్డులో పేషంట్ తీరు మారిందంటే వెంటనే ‘డిస్టర్బ్‌డ్‌గా ఉన్నాడు’ అని కేస్ షీట్‌లో రాసేయకండి. ఇది జబ్బు వల్లా, మనం ఇచ్చిన మందు వల్లా, లేక ఒంట్లో ఇంకేదైనా తేడా వచ్చిందా అని ఆలోచించాకే పెన్ను తీయండి. మెడికల్ వార్డులో పేషంటే నోరు తెరిచి చెబుతాడు. ఇక్కడ కొందరు చెప్పలేరు, చెప్పినవాళ్ళ మాట ఎవరూ నమ్మరు. కడుపునొప్పి అంటే ‘వాడలాగే అంటాడు’ అని వదిలేస్తారు. డాక్టర్ గారు రౌండ్స్‌లో చూసేది కొద్ది నిమిషాలు. మిగతా రోజంతా కళ్ళ ముందు ఉండేది మనమే.

ఇక ఆ కుర్రాడి సంగతి. మీరు చూసింది అక్యూట్ డిస్టోనియా. హాలోపెరిడాల్ లాంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. ఆ అడ్డు ఒక్కసారిగా పడితే కండరాల కదలికను నడిపించే చోట సమతూకం తప్పి, మెడ, నాలుక, దవడ, కళ్ళు, ఒక్కోసారి నడుము బిగుసుకుపోతాయి. ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లో, అందులోనూ వయసులో ఉన్న మగపిల్లల్లో వస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు, చూపు సీలింగ్‌కి అతుక్కుపోయి కిందికి రాదు, నాలుక మందంగా బయటికి తోసుకొస్తుంటే మాట ముద్దముద్దగా వస్తుంది, కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారుతుంటాయి. పక్కన తల్లి ‘ఏదో పట్టింది’ అని విభూతి పెడుతుంటుంది. ఫిట్స్‌కీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు. పేరు పెట్టి పిలవండి, చెయ్యి నొక్కమనండి. డిస్టోనియాలో స్పృహ పూర్తిగా ఉంటుంది, మీ మాట వింటాడు, చెయ్యి నొక్కుతాడు. అంటే ఆ బాధంతా తెలిసే అనుభవిస్తున్నాడు. అందుకే మొదట చేయాల్సింది చెవి దగ్గర నెమ్మదిగా చెప్పడం: ‘ఇది ఇంజెక్షన్ వల్ల వచ్చింది బాబూ, మందుంది, అరగంటలో తగ్గిపోతుంది.’ ఆ మాట తల్లికీ వినబడేలా చెప్పండి.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే సాధారణంగా ఫెనర్గన్, అంటే ప్రోమెథజిన్, 25 నుంచి 50 మిల్లీగ్రాములు కండరానికి ఇమ్మంటారు. చాలామందికి అరగంటలోపే వదులుతుంది. గొంతులో గురక లాంటి శబ్దం వస్తున్నా, ఊపిరి అందకపోతున్నా అది గొంతు కండరాలు బిగుసుకోవడం. అప్పుడు ఆక్సిజన్, సక్షన్ దగ్గర పెట్టుకుని డాక్టర్‌ని మంచం దగ్గరికి పరిగెత్తించాల్సిందే. తగ్గాక కూడా కథ అయిపోయినట్టు కాదు. హాలోపెరిడాల్ ఒంట్లో ఇంకా ఉంటుంది, ఫెనర్గన్ ప్రభావం ముందే దిగిపోతుంది, రాత్రికి మళ్ళీ బిగుసుకోవచ్చు. నైట్ సిస్టర్‌కి హ్యాండోవర్‌లో ఈ విషయం నోటితో చెప్పండి, రాతలో మాత్రమే వదిలేయకండి. కేస్ షీట్ మొదటి పేజీలో అలర్జీలు రాసే చోటే ‘ఈ మందుకి డిస్టోనియా వచ్చింది’ అని ఎర్ర ఇంకుతో రాయించండి. వచ్చేసారి ఎమర్జెన్సీలో ఇతన్ని చూసేది మీరు కాకపోవచ్చు. హాలోపెరిడాల్‌తో పాటే ఫెనర్గన్ కలిపి ఆర్డర్ రాసే పద్ధతి చాలాచోట్ల ఉన్నది ఇందుకే. బాగా ఉద్రేకంలో ఉన్నవాళ్ళకి ఈ జోడీ ఇచ్చి, మత్తు కలిగించే లోరాజెపామ్‌తో పోల్చి చూసిన పరిశోధన మన పక్కనే వెల్లూరు సీఎంసీలో జరిగింది, 2004లో అచ్చయింది. రెండూ పనిచేశాయి, జోడీ త్వరగా నిద్రపుచ్చింది.

డిస్టోనియా కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా పట్టుకుంటారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అకతీసియా, ఎందుకంటే దాన్ని చాలామంది జబ్బే అనుకుంటారు. మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొద్ది రోజులకి పేషంట్ కూర్చోలేడు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతాడు, కూర్చోబెడితే కాళ్ళు ఊపుతాడు, నిలబెడితే ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతుంటాడు. చూసినవాళ్ళు ‘మళ్ళీ ఎక్కువైంది’ అని డాక్టర్‌కి చెబుతారు, డోసు పెరుగుతుంది, ఆయనకి ఇంకా నరకమవుతుంది. పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ‘మీకే తిరగాలనిపిస్తోందా, లేక లోపల ఏదో కూర్చోనివ్వడం లేదా?’ అని అడగండి. ‘కాళ్ళు నిలవనివ్వట్లేదమ్మా, నా వల్ల కావట్లేదు’ అంటే అది మందు తెచ్చిన అశాంతి. దీన్ని తట్టుకోలేక ప్రాణం తీసుకోవాలనుకున్న వాళ్ళున్నారు. కాబట్టి ‘రెస్ట్‌లెస్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఎప్పుడు మొదలైంది, మందు ఎప్పుడు మారింది, కాళ్ళలోనే ఉందా అన్నది రాసి, ‘అకతీసియా ఏమో చూడండి సార్’ అని నోటితో చెప్పండి. డాక్టర్లు డోసు తగ్గించడమో, ప్రొప్రనొలాల్ ఇవ్వడమో చేస్తారు. ప్రొప్రనొలాల్ రాస్తే ఉబ్బసం ఉందా అని మీరు ఒకసారి అడిగి తెలుసుకోండి.

పాసిటేన్ గురించి కూడా ఒక మాట. చేతులు వణికితే, నడక బిగుసుకుపోతే ఇది ఇస్తారు. కానీ ముసలివాళ్ళలో మతిమరుపు, గందరగోళం, మూత్రం బిగపట్టడం తెస్తుంది. రాత్రి పూట వేస్తే కొందరికి నిద్ర పట్టదు. కొందరు మత్తు కోసం అదే కావాలని అడుగుతారు. ‘అడిగాడు కదా’ అని ఎక్స్‌ట్రా మాత్ర చేతిలో పెట్టకండి.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైంది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్. అరుదుగా వస్తుంది, వస్తే గంటలతో పని. జ్వరం, ఒళ్ళంతా ఇనప కడ్డీలా బిగుసుకోవడం, చెమటలు, బీపీ, నాడి ఎగుడుదిగుడు కావడం, మాట తడబడి స్పృహ మందగించడం. మన దగ్గర ఇది ఎండాకాలంలో వడదెబ్బ అనీ, వానాకాలంలో వైరల్ జ్వరమనీ పారాసిటమాల్ మాటున దాగిపోతుంది. హాలోపెరిడాల్ లాంటి సైకోసిస్ (భ్రమలు, లేని అనుమానాల జబ్బు) మందుల మీద ఉన్నవాళ్ళకి జ్వరం వస్తే థర్మామీటర్ పక్కన పెట్టాక మోచెయ్యి పట్టుకుని మడిచి చాచి చూడండి. సీసపు గొట్టం వంచుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు ఉంటే తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి, అప్పుడే డాక్టర్‌ని పిలవండి. వాళ్ళు సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే రక్తపరీక్ష) పంపుతారు, అవసరమైతే ఐసీయూకి మారుస్తారు.

ఉద్రేకంలో ఉన్న పేషంట్‌కి ఇంజెక్షన్ చేసి, నిద్రపోగానే ‘హమ్మయ్య’ అని స్టేషన్‌కి వెళ్ళిపోవడం మన వార్డుల్లో మామూలైపోయింది. అసలు నర్సింగ్ అప్పుడే మొదలవుతుంది. మొదటి గంట 15 నిమిషాలకోసారి నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్ శాతం చూసి రాయండి. బోర్లా పడుకోనివ్వకండి. ఊపిరి నిమిషానికి 10 కన్నా తగ్గితే ఆగకూడదు, డాక్టర్‌ని పిలవాలి. మద్యం తాగి వచ్చిన వాళ్ళకి లోరాజెపామ్ ఇచ్చినప్పుడు మరీ జాగ్రత్త. ఒలాంజపిన్ ఇంజెక్షన్, లోరాజెపామ్ ఇంజెక్షన్ వెంటవెంటనే ఇవ్వకూడదు. అలా ఆర్డర్ ఉంటే చేసేముందు అడగండి. లోరాజెపామ్ యాంపూల్స్ ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా ఉండాలి. ఎమర్జెన్సీ ట్రేలో వారాల తరబడి పడున్నవి వాడేముందు ఆలోచించండి.

కట్టేయడం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. పేషంట్‌కి గానీ పక్కవాళ్ళకి గానీ అప్పటికప్పుడు హాని జరిగేలా ఉండి, ఇంకే దారీ లేనప్పుడే కట్టాలి. దానికి సైకియాట్రిస్ట్ అనుమతి ఉండాలి, ఎందుకు, ఎంతసేపు అన్నది రికార్డులో ఉండాలి. పేషంట్ తరఫున నామినేట్ అయిన వ్యక్తికి 24 గంటల్లో తెలియజేయాలి. స్టాఫ్ తక్కువగా ఉన్నారని కట్టడానికి, అల్లరి చేశాడని శిక్షగా ఇంజెక్షన్ ఇవ్వడానికి ఆ చట్టంలో చోటు లేదు.

మాత్రలు దాచే ఆయన విషయానికొస్తాను. వార్డులో ఇది రోజూ ఉండేదే, కోపం తెచ్చుకోవాల్సిన విషయం కాదు. మాత్ర ఇచ్చేముందు మనిషి ఎవరో సరిచూడండి. ‘రాజుగారా?’ అని అడిగితే ఎవరైనా తల ఊపేస్తారు. ‘మీ పేరేంటండీ?’ అని అడగాలి, కేస్ షీట్ మీద ఫోటో ఉంటే మరీ మంచిది. మాత్ర నోట్లో వేసుకోగానే గ్లాసు నిండా నీళ్ళు తాగించండి. తాగాక ఏదో ఒకటి మాట్లాడించండి. నోట్లో మాత్ర ఉంటే మాట తేడాగా వస్తుంది. నోరు తెరవమని, నాలుక పైకెత్తమని, బుగ్గకీ చిగురుకీ మధ్య చూడండి. చేతివేళ్ళ సందులు చూడండి. తర్వాత పావుగంట బాత్రూమ్ వైపు వెళ్ళనివ్వకండి. సంతకం అప్పుడు పెట్టండి, మాత్ర చేతిలో పెట్టినప్పుడు కాదు. ఇదంతా నలుగురి ముందు దొంగని సోదా చేసినట్టు చేయొద్దు. ‘అందరికీ ఇలాగే చూస్తామండీ’ అని మామూలు గొంతుతో చెప్పండి, నిజంగానే అందరికీ చూడండి.

దిండు గలీబులో ఎన్ని మాత్రలు దొరికాయో లెక్కపెట్టారా? అది చాలా ముఖ్యం. రెండు దొరికితే ఇష్టం లేక దాచినట్టు. పది, పదిహేను దొరికితే ఒక్కసారే మింగడానికి కూడబెడుతున్నట్టు అనుమానించాలి. అమిట్రిప్టిలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు అలా మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది. వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, ఆ పేషంట్ మీద నిఘా పెంచాలి. ఇంకో సంగతి కూడా ఉంది. మీరు ఇచ్చినట్టు రాసిన మందులు నిజానికి ఒంట్లోకి వెళ్ళలేదని డాక్టర్‌కి తెలియకపోతే, ‘ఈ డోసు పనిచేయలేదు’ అని పెంచుతారు. రేపు ఆయన నిజంగా మింగడం మొదలుపెడితే అంత డోసూ ఒక్కసారిగా మీద పడుతుంది.

ఆ తర్వాత ఎందుకు దాచాడో తెలుసుకోవాలి. విషమని అనుమానమా? నిద్రమత్తుకి పొలం పని చేయలేకపోతున్నాడా? పెళ్ళైన మగవాళ్ళు చాలామంది దాంపత్యంలో ఇబ్బంది వచ్చిందనే మందు మానేస్తారు, ఆడ సిస్టర్‌కి చెప్పలేక తల దించుకుంటారు. అలా అనిపిస్తే మేల్ నర్సు చేత గానీ డాక్టర్ చేత గానీ విడిగా అడిగించండి. డోసు మార్చినా, మందు మార్చినా తగ్గే బాధ అది. ‘మందు మానకండి’ అని వందసార్లు చెప్పేకన్నా ఆ ఒక్క బాధ తీర్చే మార్గం చూస్తే మనిషి తనంతట తనే వేసుకుంటాడు.

అన్నంలో కలిపేయమనే తల్లిని కసరకండి. ఆమె రాత్రుళ్ళు నిద్రలేక, కొడుకు చేతి దెబ్బలు తిని, దారి తోచక అడుగుతోంది. కానీ కలపకూడదు, ఎందుకో ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలి. ‘నా అన్నంలో విషం పెడుతున్నారు’ అన్న అనుమానం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. ఒకరోజు అన్నంలో పొడి కనబడిందంటే ఆ అనుమానం నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది. ఇక తల్లి చేతి ముద్ద కూడా తినడు. పైగా కలిపినదాంట్లో ఎంత తిన్నాడో తెలియదు, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్ని పొడి చేస్తే డోసంతా ఒక్కసారే దిగుతుంది. డాక్టర్‌ని అడిగితే నోట్లో కరిగిపోయే ఒలాంజపిన్, రిస్పెరిడోన్ ద్రావణం, లేదా రెండు నుంచి నాలుగు వారాలకోసారి చేసే ఇంజెక్షన్ లాంటి దారులున్నాయి, పేషంట్‌తో మాట్లాడి ఒప్పించి ఇవ్వొచ్చు. రిస్పెరిడోన్ ద్రావణం నీళ్ళలో ఇవ్వండి, టీలో కలపకూడదు. అలా వారాలకోసారి చేసే ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ లాంటి నూనె ఇంజెక్షన్‌కి సూది, సిరంజి పొడిగా ఉండాలి. పిరుదు కండరంలో లోతుగా, చర్మాన్ని పక్కకి లాగి పట్టుకుని చేసి, తీశాక రుద్దకండి. ఈసారి ఏ వైపు చేశారో రాసిపెడితే వచ్చేసారి రెండో వైపు చేస్తారు.

కలిపి ఇవ్వడంలో డైసల్ఫిరామ్ సంగతి మరీ ఘోరం. తాగుడు మాన్పించాలని భార్యలు తెలియకుండా కూరలోనో కాఫీలోనో కలుపుతారు. ఆయన బయట తాగి వస్తాడు. మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోయి కుప్పకూలుతాడు, ప్రాణం కూడా పోవచ్చు. ఈ మందు పేషంట్‌కి తెలిసి, ఒప్పుకున్నాకే, ఆఖరి చుక్క తాగి కనీసం 12 గంటలు దాటాకే మొదలుపెట్టాలి. మానేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు మందులూ పనికిరావు.

ఇప్పుడు లిథియం, అంటే బైపోలార్ జబ్బుకి (ఉద్రేకం, దిగులు మారిమారి రావడం) ఇచ్చే మందు. మందు పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలి, 1.5 దాటితే విషప్రభావం మొదలవుతుంది, 2 దాటితే ప్రాణాపాయం. శాంపిల్ ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకి తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, ఉదయం మాత్ర ఇవ్వకముందు. ఇంకా ముఖ్యమైనది ట్యూబ్. పచ్చమూత ట్యూబుల్లో చాలావాటిలో లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో రక్తం తీస్తే లేని లిథియం కూడా రిపోర్టులో ఉన్నట్టు వస్తుంది, అది చూసి బాగున్న పేషంట్‌కి మందు ఆపేస్తారు. ఎర్రమూత ప్లెయిన్ ట్యూబ్ వాడండి, ల్యాబ్ వాళ్ళు ఏది పంపినా చేతిలోకి తీసుకుని చదవండి.

చేతివేళ్ళు సన్నగా వణకడం, దాహం, మూత్రం ఎక్కువ కావడం లిథియం వాడేవాళ్ళలో చాలామందికి ఉంటుంది. వణుకు పెద్దదై గ్లాసు పట్టుకోలేకపోవడం, విరేచనాలు, వాంతులు, తూలుతూ నడవడం, తాగినవాడిలా మాట ముద్దకావడం కనిపిస్తే డోసు ఆపి, లెవెల్‌కి రక్తం పంపించి, డాక్టర్‌ని పిలవాలి. శరీరంలో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంని బయటికి పంపకుండా పట్టుకుంటాయి. రెంటచింతల ఎండల్లో మిరప చేలో పనిచేసే మనిషికి మాత్ర మారకపోయినా లెవెల్ పెరిగిపోయేది అందుకే. ‘బీపీ ఉందిగా, ఉప్పు మానెయ్’ అని పక్కింటివాళ్ళిచ్చిన సలహా, కటిక ఉపవాసాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు, అన్నీ ఇదే పని చేస్తాయి. ఉప్పు ఉన్నట్టుండి తగ్గించొద్దు, పెంచొద్దు. రోజుకి రెండు, మూడు లీటర్ల నీళ్ళు, మజ్జిగ తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ పూట మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి రావాలి. క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), థైరాయిడ్ ఆరు నెలలకోసారి చూస్తారు, ఆ తేదీ చీటీ మీద రాసివ్వండి.

క్లోజపిన్ సైకోసిస్‌కి వేరే మందులేవీ పనిచేయనివాళ్ళకి ఇస్తారు. ఏళ్ళ తరబడి తనలో తాను గొణుక్కుంటూ మూల కూర్చున్న మనిషి దీనితో లేచి వచ్చి పలకరించడం చూశాను. అందుకే దీన్ని భయపడి వదలకుండా, జాగ్రత్తగా వాడేలా చూడాలి. మొదటి 18 వారాలు ప్రతి వారం తెల్ల రక్తకణాల పరీక్ష, తర్వాత డాక్టర్ చెప్పిన వ్యవధిలో. తెల్లకణాలు 3000 కన్నా, న్యూట్రోఫిల్స్ 1500 కన్నా తగ్గితే డోసు ఇవ్వకుండా ముందు డాక్టర్‌కి చెప్పండి. గొంతునొప్పి, జ్వరం వస్తే వారం పరీక్ష తేదీ దాకా ఆగొద్దు, ఆ రోజే రక్తం పంపించాలి. మొదటి వారాల్లో ఛాతీనొప్పి, ఆయాసం, తగ్గని గుండెదడ ఉంటే గుండె కండరం వాపు అనుమానించాలి.

రక్తకణాల గురించి అందరికీ తెలుసు. మలబద్ధకం సంగతి ఎవరూ పట్టించుకోరు. క్లోజపిన్ పేగు కదలికను మందగింపజేస్తుంది, పేగు పూర్తిగా ఆగి చనిపోయినవాళ్ళున్నారు. కాబట్టి సిగ్గుపడకుండా రోజూ ‘మోషన్ అయ్యిందా?’ అని అడిగి చార్టులో రాయండి. రెండు రోజులు కాలేదంటే చెప్పండి. పొట్ట ఉబ్బి, వాంతులైతే అది ఎమర్జెన్సీ. రాత్రి లాలాజలం కారి దిండు తడిసిపోతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా. భోజనాల దగ్గర కూడా ఒక కన్నేసి ఉంచండి. ఈ మందుల వల్ల మింగడం మందగించినవాళ్ళు గబగబా ముద్దలు మింగితే గొంతుకి అడ్డం పడుతుంది.

చుట్ట, బీడీ సంగతి చాలామంది నర్సులకే తెలియదు. పొగలో ఉండే కొన్ని పదార్థాలు కాలేయంలో క్లోజపిన్‌ని, ఒలాంజపిన్‌ని త్వరగా విరిచేసే ఎంజైమ్‌ని పెంచుతాయి. రోజుకో కట్ట బీడీలు తాగే మనిషికి ఆ లెక్కలోనే డోసు కుదిరి ఉంటుంది. వార్డులో పొగ మాన్పించగానే, అదే డోసుకి రక్తంలో మందు వారంలోపే బాగా పెరుగుతుంది. మత్తు, తూలడం, డోసు ఎక్కువైతే ఫిట్స్. ఇంటికెళ్ళి మళ్ళీ మొదలుపెడితే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది. అడ్మిషన్ రోజే ‘రోజుకి ఎన్ని తాగుతారు?’ అని అడిగి రాయండి. గుట్కా, ఖైనీలతో ఈ తేడా రాదు, పొగతోనే వస్తుంది. ఇంకొకటి: పెళ్ళికో జాతరకో వెళ్ళి రెండు రోజులు, అంటే 48 గంటలు దాటి క్లోజపిన్ మానేస్తే పాత డోసు ఒకేసారి మొదలుపెట్టకూడదు. 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్ళీ మెల్లగా పెంచుకుంటూ రావాలి. ‘ఎప్పుడు మానేశారు?’ అని మీరు అడగకపోతే కేస్ షీట్‌లో పాత డోసే కొనసాగుతుంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. క్లోర్‌ప్రోమజిన్, క్వెటియాపిన్, క్లోజపిన్ మొదలుపెట్టినప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడండి. పైది 20 తగ్గితే రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా పంపకండి. ఒలాంజపిన్ వాడేవాళ్ళకి బరువు, నడుము కొలత, షుగర్ మొదటి రోజే రాసి ఉంటే మూడు నెలల తర్వాత పోల్చుకోవచ్చు. కార్బమజెపిన్, లామోట్రిజిన్ (మూడ్‌ని నిలకడగా ఉంచే మందులు) మీద ఉన్నవాళ్ళకి దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే ‘వేడి చేసింది’ అనుకోకుండా తర్వాతి డోసు ఆపి డాక్టర్‌కి చూపించండి. సోడియం వాల్ప్రోయేట్ రాసిన ప్రతి యువతి దగ్గరా ఆఖరి నెలసరి తేదీ, పిల్లల ఆలోచన గురించి గుట్టుగా అడగండి. గర్భంలో ఈ మందు పడితే పుట్టే పిల్లల్లో దాదాపు 10 శాతం మందికి అవయవ లోపాలు వస్తాయి, ఎదుగుదల సమస్యలు ఇంకా ఎక్కువ. డాక్టర్ రాశారు కదా అని మనం నోరు మెదపకుండా ఉండే విషయం కాదిది. అలాగని మాత్ర ఒక్కసారిగా ఆపించకూడదు, డాక్టర్ దగ్గరికి పంపించాలి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మనసు కుదుటపడేలోపు ఒంట్లో ఓపిక వస్తుంది, ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్ళకి ఆ రోజులే ప్రమాదం. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ.

డిశ్చార్జి రోజున ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే: ‘జీవితాంతం వాడాలా?’ మీరు ఏళ్ళ లెక్క చెప్పొద్దు, అది డాక్టర్ చెప్పాలి. ‘తగ్గిందనిపించినప్పుడు ఆపేయడం వల్లే ఎక్కువమంది మళ్ళీ ఇక్కడికి వస్తున్నారు, ఆపాలనిపిస్తే ముందు మా దగ్గరికి రండి’ అని చెప్పండి. దీక్ష తీసుకుంటానంటే వద్దనకండి, మందు టైములు ఎలా సర్దుకోవాలో డాక్టర్‌ని అడిగి రాసివ్వండి. మాత్రల స్ట్రిప్పులు ఇంట్లో ఒకరి దగ్గర, తాళంలో ఉండాలి. చదువురాని తల్లయితే పొద్దుటి మాత్రల కవరు మీద సూర్యుడు, రాత్రి కవరు మీద చంద్రుడు గీసివ్వండి. అర్ధరాత్రి ఏదైనా సందేహం వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చని చెప్పి, ఆ నంబరుతో పాటు మీ వార్డు నంబరు చీటీ వెనక రాయండి. చివరికి, ‘అర్థమైందా?’ అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. ‘అబ్బాయికి జ్వరం వచ్చి ఒళ్ళు బిగుసుకుంటే ఏం చేస్తావమ్మా?’ అని అడిగి, జవాబు ఆమె నోటితో చెప్పించుకున్నాకే చీటీ చేతిలో పెట్టండి.